గొర్రెల దొడ్డికి కాపలా కాసిన రికార్డు

మా ఇంటి బీరువాలో, నా భార్య పట్టుచీరల కంటే ఒక అర పైన, ఏడేళ్ళపాటు ఒక ఖాళీ అట్ట కాపురం చేసింది. గ్రామఫోను రికార్డు అట్ట. లోపల రికార్డు లేదు. ఎండాకాలం దానికి గాలి తగలాలని బీరువా తలుపు తెరిచి ఫ్యాను అటు తిప్పేవాణ్ణి. వానాకాలం కర్పూరం బిళ్ళలు పెట్టేవాణ్ణి. చలికాలం దుప్పటి కప్పబోతే, ఇంట్లో ఉన్న మంచి దుప్పటి ఒక్కటేనని, దాని మీద మొదటి హక్కు మనుషులదని నా భార్య గుర్తు చేసింది. మా మామగారు తన పట్టా పాసుపుస్తకాన్ని కూడా అంత భద్రంగా చూసుకోలేదు.

"గంప కింద కోడి లేదు. గంపకు మాత్రం కావలి," అనేది నా భార్య, చీర కోసం బీరువా తెరిచినప్పుడల్లా. ఆమెకు చీరలు చాలా ఉన్నాయి. కాబట్టి ఆ మాట నేను చాలాసార్లు విన్నాను.

నా రోగం సంగతి ముందే చెప్పుకోవాలి. పుట్టింది పాలమూరు, కొలువు నల్లగొండ, చెవులు మాత్రం ఇంగ్లండులో. కాలేజీ హాస్టల్లో పక్కగది సీనియరు ఒకాయన ఇంగ్లీషు రాక్ పాటలు పెట్టేవాడు. పిల్లిని తోక పట్టి గిరగిరా తిప్పితే వచ్చే చప్పుడుకు డోలు తోడైనట్టుండేది. మొదటి వారం చెవుల్లో దూది పెట్టుకున్నాను. రెండో వారం దూది తీశాను. మూడో వారం పెట్టె సర్దుకుని ఆయన గదికే మారాను. వాళ్ళు ఏం పాడుతున్నారో ఆ రోజూ అర్థం కాలేదు, ఈ రోజూ కాదు. అర్థమై ఉంటే బహుశా అప్పుడే మానేసి ఏ ధ్యానమో చేసుకునేవాణ్ణి.

పాటలతో ఆగితే మామూలు మనిషినే. నేను రికార్డుల్లోకి దిగాను. రికార్డులతో ఆగినా ఫరవాలేదు. మొదటి అచ్చుల్లోకి దిగాను. అక్కడినుంచి పైకి వచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మొదటి అచ్చు అంటే ఏమిటని మా ఆఫీసులో అడగని మనిషి లేడు. వాళ్ళకు జున్నుతో చెప్పేవాణ్ణి. గేదె ఈనిన తొలిరోజు పిండిన పాలకూ, నెల తర్వాతి పాలకూ తేడా ఉందా లేదా? గేదె అదే, గడ్డి అదే. కానీ జున్ను జున్నే. రికార్డు కూడా అంతే. కొత్త అచ్చు మీద మొదట తీసినవాటిలో పాట నిగనిగలాడుతుంది. అచ్చు అరిగే కొద్దీ పాట పలచబడుతుంది. దాన్ని కనిపెట్టడానికి గుర్తులుంటాయి. లేబులు రంగు ఒకటి. లేబులుకూ పాట గీతలకూ నడుమ నున్నటి జాగా ఉంటుంది చూడండి, అక్కడ కర్మాగారంలో ఎవరో చేత్తో గీకిన అంకె ఇంకొకటి. అంకె ఒకటైతే మొదటి అచ్చు. ఆ అంకె కోసం భూతద్దం పట్టుకుని ఒక కన్ను మూసీ మూసీ నా ఎడమ కన్ను ఇప్పుడు నాతో సరిగా మాట్లాడదు.

నా ఖాళీ అట్ట కథకు వస్తాను. ఇంగ్లండులో నలుగురు పొడుగు జుట్టు మనుషులు కట్టిన పాటల రికార్డు అది. వాళ్ళ పేర్లు చెప్పను. చెబితే ఈ రోగమున్నవాళ్ళు రేపు పొద్దున్నే నల్లగొండ బస్టాండులో దిగుతారు, మాకు ఇప్పటికే బస్సుల్లో జాగా లేదు. అట్ట మీద వానలో నిలబెట్టిన సైకిలు, దాని సీటు మీద ఒక కాకి. అంతే బొమ్మ. హైదరాబాదులో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత సామాన్లు పరిచే చోట, ఒక కుట్టు మిషను కాళ్ళ మధ్య దొరికింది. చూడగానే నా గుండె నోట్లోకి వచ్చింది. మింగి లోపలికి పంపాను.

"సారూ, లోపల ప్లేటు లేదు," అన్నాడు అమ్మే మనిషి. మంచివాడు.

"తెలుసు."

"అట్ట ఒక్కటి ఏం జేస్తరు?"

"దాచుకుంట."

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, జాలితో పక్కనున్న పగిలిన అద్దం ఒకటి ఉచితంగా ఇచ్చాడు. దాచుకునే అలవాటు ఉందని చెప్పాను కదా.

అలా ఆ అట్ట మా ఇంటికొచ్చింది. దానికి తగ్గ రికార్డు, ఊదారంగు లేబులుది, మొదటి అచ్చుది, దొరికితే చాలు, ఈ జన్మకు ఇంకేమీ కొననని నా భార్యకు మాటిచ్చాను. ఆమె ఆ మాటను నమ్మలేదు గానీ గుర్తు పెట్టుకుంది. ఏడేళ్ళు వెతికాను. ఆ రికార్డు నాకు తప్ప ప్రపంచంలో అందరికీ ఉన్నట్టనిపించేది. విసుగెత్తి ఒకసారి అదే పాటల తర్వాతి కాలపు అచ్చు, నారింజ లేబులుది, పలచటిది, తెప్పించాను. దాన్ని ఆ అట్టలో పెట్టడానికి చేతులు రాలేదు. దొరవారి పల్లకీలో గుమాస్తాను కూర్చోబెట్టినట్టుంటుందని దాన్ని విడిగా పెట్టాను.

ఒక వానాకాలం అట్ట వెనకవైపు అతికించి ఉన్న ధర చీటీ తేమకు తనంతట తానే ఊడి కింద పడింది. దాని కింద రబ్బరు ముద్ర. మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు కర్మాగారం గెస్ట్‌హౌసు ముద్ర. నేను లండన్ దాకా ఉత్తరాలు రాశాను. సమాధానం నాలుగు గంటల బస్సు దూరంలో ఉంది. జిల్లాలు విడగొట్టినాక మేళ్లచెరువు వేరే జిల్లాలోకి పోయింది, లేకుంటే మా జిల్లాలోనే దొరికేదని నేను ఇప్పటికీ అంటుంటాను.

మేళ్లచెరువులో చెట్లు కూడా పౌడరు రాసుకుని పెళ్ళికి బయల్దేరినట్టుంటాయి. నేను బస్సు దిగి పది అడుగులు వేసేసరికి నా మీసం పదేళ్ళు ముసలిదైంది. గెస్ట్‌హౌసులో వెనకట వంట చేసిన పెద్దమనిషి రిటైరై గేటు ఎదురుగానే చాయ దుకాణం పెట్టుకున్నాడు. అట్ట చూపించాను. ఆయన కాకిని చూసి నవ్వాడు.

"అరె, గీ కాకి ఇంకా బతికే ఉన్నదా? మిషన్లు బిగించనీకి ఫారినోళ్ళు వచ్చిండ్రు సారూ. పొయ్యేటప్పుడు గిసొంటి పళ్ళాల పెట్టె ఒకటి ఇడిచిపెట్టి పోయిండ్రు."

"పెట్టె," అన్నాను. "పెట్టెల ఎన్నుండె?"

"నిండా ఉండె. ఎండకు వంగినయ్. వంగినవాటిల్ల మా ఆమె ఉల్లిగడ్డలు పోసేది. శానా రోజులు మంచిగ పని చేసినయ్."

నేను ఆయన బల్ల మీద కూర్చున్నాను. ఆయన నేను అడక్కుండానే చాయ ఇచ్చాడు, చక్కెర ఎక్కువ వేసి.

"ఒక్కటి వంగలె. గీ కాకిది. ఇద్దరడిగిండ్రు దాన్ని, తోటమాలి ఒకడు, వాచ్‌మెన్ ఒకడు. ఒకనికిచ్చి ఒకనికి ఇయ్యకుంటె లొల్లి గదా. నాయం జేసిన. అట్ట మాలికి, పళ్ళెం వాచ్‌మెన్‌కు."

ఎంత న్యాయం. ఆ న్యాయానికి నేను ఏడేళ్ళు శిక్ష అనుభవించాను.

వాచ్‌మెన్‌ది మర్రిగూడ దిక్కు. నౌకరీ చాలించుకుని గొర్రెలు కాసుకోవడానికి ఊరికి పోయాడు. వంటాయనకు ఊరి పేరు, ఇంటి ఆనవాలు అన్నీ తెలుసు. ఆయన చాయ గ్లాసులు కడిగే బకెట్టు పక్కన ఒక నల్లటి గిన్నెలాంటిది కనిపించింది, అంచులు అలలు అలలుగా. దాంట్లో ఉల్లిగడ్డలున్నాయి. నేను అటు చూడకుండా బస్సెక్కాను.

మర్రిగూడ పోవడానికి మరో వారం ఆగాల్సి వచ్చింది. ఆ వారంలో నా బరువు తగ్గిందని నేనన్నాను, తూకం ఒప్పుకోలేదు. బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో దిగి పత్తిచేల మధ్య నడిచి, మధ్యాహ్నం ఎండలో ఆ దొడ్డి దగ్గరికి చేరుకున్నాను. ముళ్ళకంచె, తడికల గోడ, మీద తాటాకు కప్పు. పెద్ద గొర్రెలు మేతకు పోయాయి, లోపల పిల్లలు మాత్రం అరుస్తున్నాయి. కప్పు కింద, నీడలో, ద్వారం నడిమధ్యన, తాడుకు వేలాడుతూ అది తిరుగుతోంది.

చిన్నగా గాలి ఉంది. నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరుగుతోందని ప్రమాణం చేయగలను. ఇంకొంచెం చుట్టు కూడా. ప్లేయరు మీద రికార్డు తిరిగే లెక్క అది. మర్రిగూడ గాలికి ఎవరు చెప్పారో.

దానికి పైభాగాన, తాడు ముడి దగ్గర, నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, ఒక పాత చెప్పు, గవ్వలు కలిపి గుత్తిగా కట్టి ఉన్నాయి. నేను చెప్పును కొంచెం పక్కకు జరిపి భూతద్దం పెట్టాను. దుమ్ము కింద ఊదారంగు. నున్నటి జాగాలో చేత్తో గీకిన అంకె. ఒకటి.

"ఎవరు బిడ్డా? పశుల డాక్టరువా?"

వెనక అవ్వ నిలబడి ఉంది. వాచ్‌మెన్ భార్య. ఆయన పోయి కొన్నేళ్ళయిందట. కొడుకు మందతో పోయాడు, ఆమె పిల్లల కాపలా. ఆ ఊరి ఫ్లోరైడు బోరు నీళ్ళు ఒక జీవితకాలం తాగిన మోకాళ్ళు ఆమెవి, వంగవు. ఇప్పుడు నల్లా వచ్చింది గానీ మోకాళ్ళకు ఆ సంగతి తెలియదు. కర్ర పట్టుకుని, నడుము నిటారుగా, కలెక్టరు తనిఖీకి వచ్చినట్టు నిలబడింది.

"డాక్టరును కాదవ్వా. గా నల్ల పళ్ళెం కోసమొచ్చిన. నాకిస్తవా?"

"అది పళ్ళెం గాదు. కావలి. మా ముసలాయన కట్టిపోయిండు. అది కట్టినకాంచి మా దొడ్డిల రోగం రాలె. ఊర్లె ఎన్ని మందలు కరాబైనయో. మా దాంట్ల ఒక్క పిల్ల పోలె."

"ఎంతకైనా కొంట."

"కావలోన్ని అమ్ముకుంటరా ఎవరన్న? నీ ఇంటి తలుపు అమ్ముతవా?"

నేను ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అమ్మేవాణ్ణి. అట్ట సంగతి మొత్తం చెప్పాను. ఏడేళ్ళు, ఫ్యాను, కర్పూరం, అన్నీ. దుప్పటి సంగతి కూడా. అవ్వ చెవి ఒగ్గి విన్నది. తల్లి నుంచి తప్పిపోయిన పిల్ల కథలాగా ఉందనిపించిందేమో, కొంచెం మెత్తబడింది.

"అమ్ముడైతె లేదు. మా తాన గొర్రెకు గొర్రె మార్చుకుంటం. దానంతది, దానికంటె మంచిది తెచ్చి గా జాగల కట్టు. అప్పుడు తీస్కపో. ఇంకోటి, నీ తాడు నువ్వే తెచ్చుకో. మా తాడు ఇయ్యం."

తాడు సంగతి నాకు తెలుసు. మా పాలమూరులోనూ అంతే. ఇంట్లోంచి పశువు పోతే మెడ తాడు ఇంట్లోనే ఉంచుకుంటారు. తాడు పోతే పశువు వెంట ఇంటి లక్ష్మి కూడా పోతుంది. ఇంగ్లండు పాటలకూ అదే చట్టం వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు.

తర్వాతి ఆదివారం కొత్త నైలాను తాడు, సంచిలో నారింజ లేబులు కాపీ పట్టుకుని పోయాను. మనసులో పండగే. అదే పాటలు, అదే సైజు, అదే నలుపు, పైగా మెరుపు. అవ్వకు తేడా ఏం తెలుస్తుంది? ఆమె పాతదాన్ని తాడుతో ఉండగానే ఒక అరచేతి మీద ఆనించుకుంది. నాదాన్ని రెండో అరచేతిలో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. బొటనవేలుతో అంచు నిమిరింది. వాసన చూసింది. తర్వాత నాది నాకు ఇచ్చేసింది.

"ఇది పిల్ల. అది తల్లి."

మొదటి అచ్చా తర్వాతి అచ్చా అన్న మాట తేల్చడానికి మా రోగుల వాట్సాప్ గ్రూపులో నెలల తరబడి కొట్టుకుంటారు. స్నేహాలు పోతాయి. అవ్వ భూతద్దం లేకుండా, కళ్ళు తెరవకుండా, తమలపాకు నమిలి ఉమ్మేంతలో తేల్చేసింది.

"ఎట్ల తెలిసిందవ్వా?"

"గొర్రెను లేపితె తెల్వదా, ఎన్ని ఈతలదో? పిల్ల కావలి కాస్తదా బిడ్డ? దీనికంటె పెద్దదాన్ని పట్టుకరా. గా తాడు గూడ మార్చు. గీ పిలాస్టిక్ తాడు మెడ కోస్తది."

ఆ రికార్డు కంటే బరువైనది మా ఇంట్లో ఒకే ఒక్కటి ఉంది. అదీ నాది కాదు. నా భార్యది. వాళ్ళ నాయిన ఇష్టంగా విన్న పాతకాలపు హరికథ రికార్డు, లక్కతో చేసింది. సైజులో చిన్నది, బరువులో రోకలి, స్వభావంలో గాజు. కింద పడితే పెంకే. ఆయన పోయాక పాలమూరులో వాళ్ళింట్లో అన్నదమ్ములు ఏమేమో పంచుకున్నారు. ఆమె ఆ రికార్డు ఒక్కటి అడిగి తెచ్చుకుంది. తువ్వాలలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. అది తిప్పే వేగం నా ప్లేయరుకు లేదు. కాబట్టి ఆమె ఎప్పుడూ వినలేదు. అప్పుడప్పుడు తువ్వాల మార్చేది. నాకు గంప, కోడి అని చెప్పే మనిషి తన కోడిని ఎన్నడూ కూయించలేదన్న మాట అనే ధైర్యం నాకు లేదు.

అడగడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు గిన్నెలు తోమాను. రెండో రోజు బియ్యంలో రాళ్ళు ఏరాను. మూడో రోజు ఆమే అడిగింది.

"ఏందయ్యా, ఏం గావాలె?"

చెప్పాను. ఆమె పోయి ట్రంకుపెట్టె తెరిచింది. ఆమె తువ్వాల మార్చేలోపు నేను ఇంకో శేరు బియ్యం ఏరాను.

"పెట్టెల ఉండి ఏం జేస్తాంది అది," అంది చివరికి. "గొర్లనన్న కాస్తది. కని నేనొస్త. మా నాయినను ఎవరింట్ల ఇడిచిపెడుతున్నవో నా కండ్లతోని చూస్త. నాకు నచ్చకుంటె వాపస్ తెస్త, నువ్వు కిక్కురుమనొద్దు."

పెళ్ళిచూపులకు పోయినట్టు పోయాం. ఆమె కొత్తచీర కట్టుకుంది. రికార్డును ఒళ్ళో పెట్టుకుని, బస్సు గుంటల్లో ఎగిరినప్పుడల్లా తాను కూడా ఎగిరి, దాన్ని మాత్రం కదలనివ్వలేదు. నేను కొత్త నూలుతాడు భుజాన వేసుకుని వెనక సీట్లో కూర్చున్నాను.

అక్కడికి పోయాక గంటసేపు రికార్డు మాటే ఎత్తలేదు వాళ్ళిద్దరూ. మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టి, తైలాల మీదుగా, ఆడబిడ్డల దాకా పోయారు. నా భార్య దొడ్డి చుట్టూ తిరిగింది. తడిక ఊపి చూసింది. కప్పు కారుతుందా అని అడిగింది. పిల్లల్లో ఒకదాన్ని ఎత్తుకుంది. నేను తాడుతో అడ్డా మీది కూలీలాగా నిలబడ్డాను. ఆఖరికి తువ్వాల విప్పింది. అవ్వ రెండు చేతులా అందుకుంది, కళ్ళు మూసుకుంది.

"అబ్బ," అంది. "ఇది తల్లి గాదు. అవ్వ."

"మా నాయినది," అంది నా భార్య.

"తెలుస్తాంది బిడ్డ. మస్తు మంది నడుమ బతికింది ఇది. కట్టుకుంట."

బేరం కుదిరింది. నా ఏడేళ్ళు అయిపోయాయి. అవ్వ కొడుకు, ఆ రోజు మా కోసం మందను పక్కవాళ్ళకు అప్పజెప్పి ఇంటి దగ్గరే ఉన్నాడు, స్టూలెక్కి ఉట్టి దించినట్టు దాన్ని దించాడు. అవ్వ తన తాడు తాను ఉంచుకోవాలి కాబట్టి ముడి విప్పింది. నిమ్మకాయలు రాలాయి. చెప్పు రాలింది. తాడు జారింది.

తాడు కింద, ఇన్నాళ్ళూ ఆ గుత్తి కప్పి ఉంచిన చోట, రికార్డు అంచుకు కోత ఉంది. అర చందమామ ఆకారంలో, నా బొటనవేలు పట్టేంత, నున్నగా, కళాత్మకంగా కోసిన కోత.

"గిదేందవ్వా?"

"చెవి."

"ఏ చెవి?"

"దాని చెవి. మందల గలిసినంక చెవి కొయ్యరా? మా ఇంటి గుర్తు గది, కుడిచెవికి అర చందమామ. ఊర్లె అందరికి తెలుసు. ఎక్కడ తప్పిపోయినా పట్టుకొచ్చి ఇస్తరు. దీన్ని కడుతున్నప్పుడు ముసలాయన అన్నడు, ఇది గూడ మా మందలదే, కావలిది, దీనికి గుర్తు లేకుంటె ఎట్ల అని. కత్తి ఎర్రగ కాల్చి కోసిండు. మంచిగ కోసిండు, ఏ?"

ఆయన నిజంగానే మంచిగా కోశాడు. రెండువైపులా మొదటి పాట పూర్తిగా, రెండో పాట నడుము దాకా పోయాయి. ప్రపంచంలో ఈ రికార్డును గీకినవాళ్ళున్నారు, విరగ్గొట్టినవాళ్ళున్నారు, ఉల్లిగడ్డలు పోసినవాళ్ళున్నారు. దానికి చెవి కోసినవాడు ఈ ఒక్కడే. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఒక గొర్రెపిల్ల వచ్చి నా భుజాన ఉన్న నూలుతాడు నమలడం మొదలుపెట్టింది. వద్దనలేదు.

నా భార్య నవ్వడం మొదలుపెట్టింది. తడిక పట్టుకుని నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది, కొత్తచీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఏడేళ్ళ బీరువా నవ్వంతా అప్పుడే బయటికి వచ్చింది.

"ఏమైంది సారుకు?" అంది అవ్వ నా వైపు చూసి, నిజంగా కంగారుపడి. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "పొయ్యిల కత్తి వెట్టు. దీనికి గూడ కోద్దాం."

నవ్వు ఆగింది.

"దేనికవ్వా?" అంది నా భార్య.

"మీ నాయినకు. మా మందలకు వచ్చింది గదా. గుర్తు వెయ్యాలె."

నా భార్య తువ్వాల మీద పెట్టి ఉన్న ఆ లక్క రికార్డును తీసి గుండెకు హత్తుకుంది. లక్కకు కాల్చిన కత్తి తగిలితే అర చందమామ కాదు, నక్షత్రాలే. నేను నేల మీదినుంచి చూస్తున్నాను. అప్పుడు నేను కిక్కురుమనకూడదని ముందే ఒప్పందం ఉంది. ఉన్నా అనాలనిపించింది, మర్యాదగా ఊరుకున్నాను.

"అవ్వా, గొర్లకు జాజు గూడ పూస్తరు కదా, ఎర్రమట్టి? మా ఊర్ల పూసేది," అంది ఆమె, మెల్లగా, ఎదిరిపక్షం వకీలు లాగా.

"పూస్తం. కని అది వానకు పోతది."

"నీడల కడుతున్నం గదా. వాన తగల్దు. ముసలిదని నువ్వే అంటివి. ముసలిదానికి చెవి కోసుడు పాపం గాదా?"

అవ్వ ఆలోచించింది. కర్ర నేలకు రెండుసార్లు కొట్టింది. "నిజమే," అంది. "ముసలిదాన్ని ఎవడు ఎత్కపోతడు. జాజు చాలు."

లేబులు మీద ఎర్రగా ఒక బొట్టు పెట్టారు. అవ్వ తన తాడుతోనే, రెండు ముళ్ళు వేయించి, గాలికి తడికకు తగలకుండా కాస్త లోపలికి కట్టించింది. ఎక్కువ తిరగొద్దని, అంత వయసుకు తిరగడం మంచిది కాదని ఆమే అంది. నా భార్య కిందనుంచి చూసి తల ఊపింది. నా నూలుతాడులో గొర్రెపిల్ల మిగిల్చిన ముక్కతో చెవి కోసిన రికార్డును కట్టుకుని నేను ఇంటికొచ్చాను.

దాన్ని కుంకుడుకాయ రసంతో కడిగాను, ఫిల్టరు నీళ్ళతో. "నా తలకు ఎన్నడన్న గిట్ల పోసినవా?" అంది నా భార్య. ఆరబెట్టాను. బీరువాలోంచి అట్ట తీశాను. పెళ్ళికూతురు గడప దాటినట్టు రికార్డు లోపలికి పోయింది. సరిగ్గా పట్టింది. కోత బయటికి కనపడలేదు. ఆ అట్టను అటూ ఇటూ ఎత్తి చూశాను. ఏడేళ్ళలో మొదటిసారి దానికి బరువు ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుంకుడు నురగ అని చెప్పి, అట్టను బీరువాలో పెట్టి తాళం వేశాను.

మా రోగుల గ్రూపులో ఫోటో పెట్టాను. ఊదా లేబులు, అంకె ఒకటి. పొద్దున్నే అభినందనలు వరదలాగా వచ్చాయి. అంచు ఎలా ఉందని ఒకాయన అడిగాడు. కుడిచెవి కోసి ఉందని రాశాను. ఒకాయన గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

పాట సంగతి అడుగుతారేమో. ఇన్నేళ్ళ ఎండాకాలాలకు నీడలో ఉన్నా అది అప్పడంలా కొంచెం లేచింది. ప్లేయరు ముల్లు గుట్టలెక్కి దిగుతూ పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న పాటలాగా ఉంటుంది. రెండోవైపు మూడో పాట మాత్రం బాగా వస్తుంది. కందులు వేగుతున్న చప్పుడు వెనక, ఆ నలుగురూ పక్కగదిలో కూర్చుని వాయిస్తున్నట్టు. జున్ను. ఆ ఒక్క పాటకు జున్ను అనొచ్చు.

కొన్ని నెలల తర్వాత అవ్వ మోకాళ్ళ కోసం నల్లగొండ దవాఖానకు వచ్చింది. కొడుకుతో కలిసి మా ఇంటికొచ్చింది. చాయ తాగి, నా భార్యకు ముందు చెప్పాల్సిన మాట ముందు చెప్పింది.

"మీ నాయిన మంచిగున్నడు బిడ్డ. మొన్న ఈతల పదకొండు పిల్లలు. ఒక్కటి పోలె."

నా భార్య ఇంకో చాయ పెడతానని వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు చాలాసేపు వినపడలేదు.

అవ్వ నా వైపు తిరిగింది. "మాది మేస్తాందా?"

"మేస్తాంది," అన్నాను. రెండోవైపు మూడో పాట పెట్టాను. అవ్వ కుర్చీలో నిటారుగా కూర్చుని, కర్ర మీద రెండు చేతులూ ఆనించి విన్నది. గిటారు మొదలైంది. డోలు మొదలైంది. నలుగురు పొడుగు జుట్టువాళ్ళూ తమ ఇంగ్లండు బాధంతా ఒకేసారి మొదలుపెట్టారు. ఆమె రెప్ప వేయలేదు. పాటైపోయాక అంది:

"గింత లొల్లి కడుపుల వెట్టుకొని, మా దొడ్డి కాడ ఇన్నేండ్లు సప్పుడు జెయ్యక ఉన్నదా?"

"ఉన్నది."

"మంచి జీవి," అంది.

నేను ముల్లు ఎత్తి పక్కన పెట్టాను. ఆమె రికార్డును తానే అందుకుని, అంచు చుట్టూ బొటనవేలు నడిపించి, అర చందమామ దగ్గర ఆగి, అక్కడ ఒకసారి నిమిరింది. అట్టలో తానే పెట్టింది, కాకి ఉన్న వైపు పైకి వచ్చేలా.

"తప్పిపోతదని ఫికర్ చెయ్యకు బిడ్డ. గుర్తున్నది. యాడికి పోయినా మా ఊరికే తెచ్చిస్తరు."

ఆ రోజునుంచి బీరువాకు తాళం వేయడం మానేశాను.